పెరటి వడ్రంగి

పెరటి చెట్టు మందుకు రాదని సామెత. చేరువనున్న వస్తువునందు మనుజులకు గల చులకన భావమే దానికి మూలము. పెరటి పక్షుల విషయమునను ఇట్లే జరుగుచున్నది. వింత పక్షులను చూచుటకు దూరపుటూళ్లకు పోవువారు, తమ కొబ్బరిచెట్టుపై ప్రొద్దుటనే పని మొదలుపెట్టిన వడ్రంగిపిట్టను తలయెత్తి చూడరు.

దాని రాక ముందుగా చెవులకే తెలియును. పకపక నవ్వినట్లు ఒక కేక. ఆ వెనుక టక్కుటక్కుమను చప్పుడు. వీపున బంగారు వన్నె, తలపై ఎఱ్ఱని తురాయి. మగపక్షికి నడినెత్తి యంతయు ఎఱుపే. ఆడుపక్షికి ముందు భాగమున నలుపుపై తెల్లని చుక్కలుండి, వెనుక భాగము మాత్రమే ఎఱ్ఱగా నుండును. మనిషి అలికిడి యైనచో అది మ్రానుకు ఆవలి ప్రక్కకు జరిగి దాగుకొనును. కదలక మెదలక నిలిచిన వారికి మరల మెల్లగా తల చూపును. ఆ క్షణమున కలుగు సంతోషము వెల పెట్టి కొనదగినది కాదు.

దాని పనితనము మిక్కిలి వింతయైనది. కాలివ్రేళ్లు రెండు ముందునకు, రెండు వెనుకకు తిరిగి మ్రానును గట్టిగా పట్టుకొనును. బిరుసైన తోక మూడవ కాలివలె ఊతమగును. ముక్కుతో బెరడును తొలిచి, పొడవైన నాలుకతో చీమలను, పురుగులను వెలికిలాగును. ఇన్ని దెబ్బలకు తల దిమ్మెక్కదా? పుఱ్ఱె ఆ యదటును మెత్తగా నోర్చుకొనునని చాలకాలము తలంచిరి. 2022లో ప్రకటింపబడిన పరిశోధన వలన అది సరికాదని తేలినది. తల సుత్తివలె బిగువుగానే యుండును. మెదడు మిక్కిలి చిన్నదగుటచేత దానికి హాని కలుగదు.

ఇంటివారికి ఎండిన మ్రోడు వంటచెఱకు; వడ్రంగిపిట్టకు అది యిల్లు. అందు తొఱ్ఱ తొలిచి, రెండు మూడు తెల్లని గ్రుడ్లు పెట్టి, ఆలుమగలు రెండును పిల్లలను పెంచును. అవి విడిచిపోయిన తొఱ్ఱ వట్టిపోదు. గోరువంకలు అందు చేరును. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ప్రకటింపబడిన రామచిలుక సైతము అట్టి పాత తొఱ్ఱలలో కాపురముండును. ఒకరి శ్రమ పలువురికి నీడయగుట యనగా ఇదియే.

కావున మ్రోడుపై గొడ్డలి యెత్తువారు ముందుగా ఒక్కసారి చెవియొగ్గి వినవలెను. లోపల పిల్లల కలకలము వినబడవచ్చును.