నేను వ్రాసిన పుట్టినరోజు

జూన్ 30వ తేదీన మన ప్రభుత్వ పాఠశాలలలో ఎంతమంది ఉపాధ్యాయులు పదవీ విరమణ చేస్తారో ఎప్పుడైనా గమనించినారా? శాలువలు, పూలదండలు ఆ రోజున దొరకవు. వీరిలో చాలామంది పుట్టిన తేదీ జూలై ఒకటి. మిగిలినవారిది జూన్‌లో ఏదో ఒకటి. ఒక తరం తెలుగువారంతా బడులు తెరిచే వేళకే జన్మించినారంటే అందులో గ్రహచారమేమీ లేదు. బడిలో చేర్చుకొన్న అయ్యవారు ఐదేళ్ళు నిండినట్లు లెక్క సరిపెట్టి వ్రాసిన తేదీలవి.

నేనూ ఆ గుంపులోని వాడినే. వినాయక చవితికి ముందురోజు పుట్టినానని మా అమ్మ చెప్పేది. మా మాష్టారుగారు జూలై ఒకటి అని వ్రాసినారు. దానివలన నాకు రెండు నెలల జీతం నష్టమయినదని మా ఇంట్లో ఇప్పటికీ పరిహాసమాడుతుంటారు. పరిహాసం అంతవరకే. ఇక ముందు వ్రాయబోయేది పరిహాసం కాదు.

తెలుగు పండితుడిని కాకమునుపు కొన్నేళ్ళు ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినాను. 1988 జూన్‌లో ఒక రైతు తన ఇద్దరు ఆడపిల్లలను తీసుకొని వచ్చినాడు. పెద్దది బడికి రావాలంటే చిన్నది పక్కన కూర్చోవలె, లేకపోతే ఏడుపు. చిన్నదాని వయసు అడిగితే తండ్రి ఆకాశం వైపు చూసినాడు. వెనుక నిలబడిన తల్లి, "ఇందిరమ్మ పోయినాక నెలకు పుట్టింది అయ్యవారూ" అన్నది. అంటే 1984 నవంబరు చివర. మూడున్నరేళ్ళ పిల్ల.

ఊరక కూర్చోనిస్తే సరిపోయేది. కానీ బడిలో పిల్లల సంఖ్య చూపించవలసిన వాడిని నేను. సంఖ్య తగ్గితే బడే ఉండదని పైనుండి మాటలు వినబడుతున్న రోజులు. అడ్మిషన్ రిజిస్టరు తీసి, ఆ పిల్ల పేరుకు ఎదురుగా 1-6-1983 అని అంకెలలోను, అక్షరాలలోను గుండ్రంగా వ్రాసినాను. నా దస్తూరి బాగుంటుందని పేరు.

జనన ధ్రువపత్రం తెమ్మని అడగలేదా అంటారేమో. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయినవి. అంతవరకు మునసబు దగ్గర ఉన్న జనన మరణాల పుస్తకం తరువాత ఎవరి చేతిలో ఉన్నదో మా ఊళ్ళో కొంతకాలం ఎవరూ చెప్పలేకపోయినారు. ఆ పిల్ల పుట్టినది సరిగ్గా ఆ సందులోనే. ఇంట్లో, మంత్రసాని చేతిలో.

బాలల హక్కుల ఒడంబడికను నేను మొదట చదివినది చాలా ఆలస్యంగా, ఒక శిక్షణ తరగతిలో ఇచ్చిన కరపత్రంలో. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ దానిని 1989 నవంబరు 20న ఆమోదించినది. మన దేశం 1992 డిసెంబరు 11న అందులో చేరినది. 54 అధికరణాలు. మొదటిది బాలుడెవరో చెబుతుంది: వర్తించే చట్టం ప్రకారం అంతకుముందే యుక్తవయస్కుడైతే తప్ప, పద్దెనిమిదేళ్ళు నిండని ప్రతి మనిషీ. ఏడవది, పుట్టిన వెంటనే బిడ్డను నమోదు చేయవలెనంటుంది. దానితోపాటే పేరు, జాతీయత. చదివిన కొద్దీ నాకు ఈ ఏడవ అధికరణమే మిగిలినవాటికి పునాదిగా తోచినది. పద్దెనిమిదేళ్ళ లోపు అని ఎన్ని రక్షణలు వ్రాసుకొన్నా, ఆ పద్దెనిమిది ఎక్కడినుండి లెక్కించవలెనో తెలియనప్పుడు ఆ రక్షణలు ఎవరికి?

ఇది కొత్త మాట కూడా కాదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 1966లోనే 24వ అధికరణంలో ఇదే చెప్పినది. మనం దానిలో 1979లో చేరినాము. మనకు జనన మరణాల నమోదు చట్టం 1969 నుండి ఉన్నది. ప్రభుత్వాలకు ఒక వెసులుబాటు కూడా ఉన్నది: నాలుగవ అధికరణం ప్రకారం విద్య, ఆరోగ్యం వంటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులను అందుబాటులోని వనరులు అనుమతించే గరిష్ఠ మేరకు నెరవేర్చితే చాలు. మన దేశం చేరేటప్పుడు బాలకార్మికులను గురించిన 32వ అధికరణం విషయంలో, అన్ని పనులకూ కనీస వయసు ఇప్పుడే నిర్ణయించలేము, క్రమక్రమంగా చేస్తామని ఒక ప్రకటన జతచేసినది. పేద దేశం గనుక అర్థం చేసుకోవచ్చును. కానీ బిడ్డ పేరు పుస్తకంలో వ్రాయడం వనరుల మేరకు చేసే పనుల కోవలోనిది కాదు. అది పౌర హక్కు. దానికి కావలసినది ఒక పుస్తకం, ఊరికొక బాధ్యత గల మనిషి. ఆ మాత్రం లేకపోవడం చేత ఆ అధికారం జూన్ నెలలో నావంటి వాడి కలానికి వచ్చిపడినది. యునిసెఫ్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఐదేళ్ళ లోపు పిల్లలలో దాదాపు 15 కోట్ల మందికి నమోదే లేదు.

ఆ పిల్ల ఏడవ తరగతితో చదువు మానినది. పొగాకు గ్రేడింగుకు పోయేదని విన్నాను. 2001 జూన్ మొదటి వారంలో తండ్రి నన్ను వెతుక్కుంటూ నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలకు వచ్చినాడు. చేతిలో పసుపు రాసిన శుభలేఖ. ముఖమంతా నవ్వు.

"పెళ్ళి ఆగిపోయేదే అయ్యవారూ! ఎవరో అర్జీ పెట్టినారు, పిల్లకు వయసు లేదని. ఎమ్మార్వో ఆఫీసోళ్ళు వచ్చినారు. బడిలో పుస్తకం తీసి చూసి, మొన్న ఒకటో తేదీకి పద్దెనిమిది నిండినాయి గదా అని పోయినారు. అంతా మీ చేతి రాత!"

అతడు వ్యంగ్యంగా అనలేదు. కృతజ్ఞతతోనే అన్నాడు. నేను శుభలేఖ అందుకొని, మంచినీళ్ళు ఇప్పించి పంపించినాను.

పదహారున్నరేళ్ళు. ఆ లెక్క అప్పటికి తల్లికి, నాకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఎమ్మార్వో కార్యాలయం ఆరు మైళ్ళు. వెళ్ళి, ఆ తేదీ తప్పు, వ్రాసినది నేనే అని చెప్పి ఉండవచ్చును. చెబితే రికార్డు తారుమారు చేసినవాడినవుతాను; ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇవన్నీ ఆలోచించినాను గాని వెళ్ళలేదు. పెళ్ళికీ వెళ్ళలేదు. ప్రభుత్వం తన బాధ్యత నెరవేర్చలేదని పైన అంత వ్రాసిన తరువాత ఈ ముక్క దాచిపెడితే అది ధర్మం కాదు.

తరువాత వచ్చిన బాల న్యాయ చట్టం, 2015 నాటిది, 94వ సెక్షనులో వయసు నిర్ధారణకు వరుస చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, లేదా మెట్రిక్యులేషన్ పత్రం. అవి లేకపోతేనే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చిన జనన పత్రం. అవేవీ లేకపోతే ఎముకల పరీక్ష. చట్టం నా దస్తూరిని మునసబు పుస్తకం కన్నా ఎక్కువ నమ్మినదన్నమాట! చదివి చాలాసేపు అట్లాగే కూర్చొన్నాను.

నమోదు చట్టానికి సవరణ వచ్చి 2023 అక్టోబరు 1 నుండి అమలయినది. ఆనాటి నుండి పుట్టినవారికి బడిలో చేరడం మొదలుకొని అనేక పనులకు జనన ధ్రువపత్రమొక్కటే ఆధారం. అయ్యవారి కలం అవసరం తీరినది, సంతోషమే. కానీ ఆ పత్రం లేని పిల్ల గతి? వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ బడి గుమ్మం నుండి త్రిప్పి పంపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షను చెబుతున్నది. ఇప్పుడు ప్రధానోపాధ్యాయులుగా ఉన్న నా శిష్యులకు ఫోను చేసినప్పుడల్లా ఆ సెక్షను గుర్తుచేస్తుంటాను. విసుగుకొంటారు పాపం.

సుమారు రెండేళ్ళ క్రిందట ఒంగోలు బస్టాండులో ఒకామె నన్ను గుర్తుపట్టి, "అయ్యవారూ" అని పలకరించినది. పక్కన డిగ్రీ చదువుతున్న కూతురు. ఆసుపత్రి కాగితంలో ఆ అమ్మాయి పుట్టిన గంట, నిమిషం కూడా ఉన్నవని గర్వంగా చెప్పినది. నేను ఆగలేక చెప్పినాను: నీ తేదీ నేను కల్పించినదమ్మా, నీవు ఇందిరమ్మ పోయిన నెలకు పుట్టినావు.

ఆమె నవ్వింది. "అమ్మ చెబుతానే ఉండేది. అయితే నాకు ఏడాదిన్నర తగ్గినట్టు! ఆధార్‌లో, బ్యాంకులో అంతా జూన్ ఒకటే అయ్యవారూ. ఈ పిల్ల ఆ రోజే కేకు తెస్తుంది."

ఎమ్మార్వో మనుషులు వచ్చిన సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంతలో కనిగిరి బస్సు వచ్చినది.