నా చేతులు పొట్టివి కావు, బట్ పొడుగు

నేను ఇక్కడ చదివేదే ఎక్కువ, రాసేది తక్కువ. పోయిన నెల హైదరాబాద్‌లో మూడు రోజుల షూటింగ్ క్యాంపుకి వెళ్ళొచ్చాను. అప్పటినుంచి ఒక సంగతి మనసులో తిరుగుతా ఉంది. ఎన్‌సీసీలో ఉన్న చెల్లెళ్ళు, నాలాగ పొట్టిగా ఉన్న తమ్ముళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి.

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మా ఇంట్లో అందరం ఇంతే. డిగ్రీ ఫస్టియర్‌లో మొదటిసారి ఫైరింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చారు. బోర్లా పడుకుని కాల్చాలి, ఐదు రౌండ్లు. చెక్క బట్‌ని భుజానికి ఆనించి చెయ్యి చాపితే ట్రిగ్గర్ దాకా వేలి కొస మాత్రమే వచ్చింది. వేలు సరిగ్గా వేద్దామని బట్‌ని భుజం మీంచి పక్కకి జరిపాను. చెంప చెక్కకి ఆనిస్తే కన్ను సైటు కంటే కిందికి పోతుంది. కన్ను సైటుకి తెస్తే చెంప గాల్లో ఉంటుంది. ఐదింట్లో రెండు అసలు పేపర్‌కే తగల్లేదు. మిగతా మూడు మూడు మూలలకి పోయాయి.

నేర్పించే సార్ చూసి, "నీ చేతులు దీనికి సరిపోవమ్మా, డ్రిల్లు మీద పెట్టు దృష్టి" అన్నారు. ఆయన చెడ్డోడు కాదు, కోపంతో అనలేదు. నేనూ అదే నిజమనుకున్నాను. రెండేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నాకు కోపం వచ్చేది ఆయన మీద కాదు, ఆ రెండేళ్ళ మీద.

ఇక క్యాంపు. అక్కడ ఇచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. దాన్లో మందు ఉండదు, గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల చిన్న సీసపు గుండు పోతుంది. చూడగానే నాకు నచ్చలేదు, ఉన్నమాట చెప్తున్నా. తుపాకీలాగ లేదు. వెనక భాగమంతా అల్యూమినియం కడ్డీలు, రంధ్రాలు, స్క్రూలు, గీతలు, నంబర్లు. ఆస్పత్రిలో కాలు విరిగినవాళ్ళకి కట్టే సామానులా ఉంది. బరువేమో తక్కువ లేదు. ఈ పోటీలో రైఫిల్ 5.5 కిలోలు మించకూడదని రూలు. అంటే దాని దగ్గరదాకా ఉండే రైఫిళ్ళు ఉంటాయన్నమాట. నిలబడి ఎత్తాలి.

అక్కడ నేర్పించే అక్క రైఫిల్ నా భుజానికి ఆనించలేదు. ముందు మోచెయ్యి మడవమంది. బట్ చివరిని మోచేతి మడతలో పెట్టి, చెయ్యి పైకి తెచ్చి, వేలు ట్రిగ్గర్ మీద ఎక్కడికి వస్తుందో చూసింది. వేలి మొదటి కణుపు కూడా అందలేదు. నేను అలవాటుగా "నా చేతులు పొట్టివి అక్కా" అన్నాను. ఆమె ఆ మాట విన్నట్టే లేదు. ఎలన్ కీతో స్క్రూ వదులు చేసి వెనక ఫలకాన్ని లోపలికి జరిపింది. "ఇప్పుడు చూడు." వేలు వచ్చి కూర్చుంది.

తర్వాత చెంప ఆనే ముక్క. దాన్ని కొంచెం కొంచెంగా పైకి లేపింది. సరిపోయిందో లేదో చూసే పద్ధతి నాకు చాలా నచ్చింది. కళ్ళు మూసుకుని రైఫిల్ ఎత్తాలి, చెంప హాయిగా ఆనించాలి, అప్పుడు కళ్ళు తెరవాలి. కన్ను సరిగ్గా సైటు రంధ్రం వెనక ఉంటే సరే. లేకపోతే మెడ వంచకూడదు, ఆ ముక్కనే జరపాలి. నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నల్ల గుండ్రం నిండుగా కనపడింది. వెతుక్కోలేదు. ఇంతకుముందెప్పుడూ అలా కనపడలేదు నాకు.

మెడ గురించి ఎందుకంత పట్టింపంటే, పోటీలో 60 గుండ్లు, 75 నిమిషాలు. పది పాయింట్లకి మధ్యలో ఉండే చుక్క అర మిల్లీమీటరు. మెడ ఒక పక్కకి లాగుతా ఉంటే అంతసేపు ఎవరు నిలబడగలరు? ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనాలి. నాకది ఆనితే రైఫిల్ కిందికి దిగిపోయేది. చేతికీ రైఫిల్‌కీ మధ్య ఒక దిమ్మ పెడితే పైకొచ్చింది. అంతే.

మొదటి రోజు ఏడులు, ఎనిమిదులు పడ్డాయి. అద్భుతాలేం జరగలేదు. కానీ అన్నీ ఒకచోటే పడుతున్నాయి.

రెండో రోజు నేనొక పిచ్చి పని చేశాను. తెలివి ఎక్కువై, అక్క లేనప్పుడు నేనే రెండు స్క్రూలు తిప్పాను. ముందు ఏ గీత మీద ఉందో రాసుకోలేదు. మొత్తం చెడింది, పూటంతా పోయింది. సర్దుకునే బట్‌తో ఉన్న చిక్కు ఇదే. ప్రతి తప్పుకీ స్క్రూ మీద అనుమానం వస్తుంది. అక్క నా చేత ప్రతి నంబరూ నోట్‌బుక్‌లో రాయించి, "వారం దాకా ముట్టుకోకు" అంది. ఇలాంటి రైఫిళ్ళ ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి కొనే మాట ఎత్తకండి. క్యాంపుల్లో, అకాడమీల్లో వాళ్ళవి వాడుకోవడమే.

నాకు మా తాత గుర్తొచ్చాడు. మా అన్నకి విల్లు చేసేటప్పుడు వాణ్ణి పక్కన నిలబెట్టుకుని, చెయ్యి చాపించి, ఎంతదాకా లాగగలడో చూసి వెదురు కోసేవాడు. నాకు చేసినప్పుడు చిన్నది చేశాడు. అన్న విల్లు నేను తీసుకుంటే తిట్టేవాడు. నీ చేతులు సరిపోవని తాత నన్ను ఒక్కసారి కూడా అనలేదు. విల్లే మార్చేవాడు.

ఆఖరి రోజు అక్క ఇంకో మాట చెప్పింది. బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కే బట్‌లు నాలుగు కొలతల్లో ఉండేవట. మామూలుది, అరంగుళం పొడుగుది, అరంగుళం పొట్టిది, అంగుళం పొట్టిది. కొలత తెలియడానికి చెక్క మీద అక్షరం కొట్టేవాళ్ళట. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే సైన్యం మనిషిని బట్టి బట్ ఇచ్చింది. నేనేమో 2 ఏళ్ళు నా చేతుల్ని తిట్టుకున్నాను.

కాలేజీకి వచ్చాక సార్‌ని అడిగాను. మోచేతి కొలత ఆయనకే చేసి చూపించాను. కాసేపు చూసి, స్టోర్‌లో పొట్టి బట్ ఉందేమో కనుక్కుంటానన్నారు. దొరికేదాకా ఆయన పర్మిషన్‌తోనే చెంప కింద మడిచిన గుడ్డని టేపుతో చుట్టుకుంటున్నాను. పొడవు తగ్గదు గానీ కన్నయితే సైటుకి వస్తుంది. మీరూ అడగండి. సర్కారు రైఫిల్‌ని మాత్రం సొంతంగా కొయ్యడం, మేకులు కొట్టడం లాంటివి చెయ్యకండి.

ఇంకొక్కటి. క్యాంపు నుంచి అమ్మకి ఫోటో పంపితే నిమిషంలో ఫోన్ చేసింది. "అది తీసెయ్, ఎవరికీ చూపించకు" అంది. మా వైపు తుపాకీ ఫోటో అంటే ఎందుకు భయమో ఈ గ్రూపులో విడమర్చి చెప్పక్కర్లేదు. ఇది ఆట తుపాకీ అమ్మా, మందు ఉండదు, గాలే అని ఎంతో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గాలే అయితే మొహానికి అంత దగ్గరగా ఎందుకు పెట్టుకున్నావ్? కొంచెం దూరంగా పట్టుకో" అంది.