పెయ్‌నిర్ కొట్టు, మా అత్తయ్యగారు

ఇస్తాంబుల్‌లో భాష రాకుండా హాయిగా బేరం చేయగలిగే చోటు ఏదైనా ఉందంటే అది పెయ్‌నిర్ కొట్టే. మేముండేది ఆసియా వైపు. కాడికోయ్‌లో పడవ దిగి నాలుగడుగులు వేస్తే బజారు మొదలవుతుంది. చేపలు, ఆలివ్‌లు, ఊరగాయల కొట్లు, వాటి మధ్య చీజ్ అమ్మే కొట్లు. గుమ్మంలో అడుగుపెట్టగానే "బుయుర్ అబ్లా" అంటారు. "చెప్పక్కా" అన్నట్టే. మనం నోరు తెరిచేలోపే కత్తి మొన మీద చిన్న ముక్క మన ముందు ఉంటుంది. రుచి చూడకుండా కొనడం ఇక్కడ ఎవరికీ అలవాటు లేదు. నాలుగు రకాలు రుచి చూసి పావుకిలో కొన్నా మొహం మాడ్చుకోరు. అలా తిని తినే నేను పేర్లు నేర్చుకున్నాను.

రోజూ పొద్దున టిఫిన్‌లోకి తెల్లదే, బెయాజ్ పెయ్‌నిర్. ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరుతుంది. చనక్కలె దగ్గర ఎజినెలో మేక, గొర్రె, ఆవు పాలు కలిపి చేసేదానికి పేరెక్కువ. మన నోటికి ఉప్పెక్కువ అనిపిస్తే గంటసేపు మంచినీళ్ళలో వేసి ఉంచితే సరి. వేసవిలో పుచ్చకాయ ముక్కతో కలిపి తింటారు. మొదట విడ్డూరమనుకున్నాను గానీ జామకాయకి ఉప్పూకారం అద్దుకుని తినే మనం దీనికి నవ్వకూడదు. కషర్ పసుపుపచ్చగా గట్టిగా ఉంటుంది, దోసె మీద బాగా కరుగుతుంది. వాన్ నుంచి వచ్చే ఒట్లు పెయ్‌నిర్‌లో కొండల్లో దొరికే ఆకులు కలుపుతారు, పచ్చి వెల్లుల్లి కాడ వాసన. దాన్ని కుండల్లో పెట్టి మట్టిలో పాతి ముగ్గపెడతారని కొట్టబ్బాయి చేతులతో తవ్వి చూపించాడు. నాకు మా అమ్మమ్మ అటక మీది ఆవకాయ జాడీలు గుర్తొచ్చాయి.

ఇంతలో అత్తయ్యగారు రెండు నెలలుండడానికి వస్తున్నారని కబురు. నేను చీజ్ విషయంలో పట్టింపు ఉన్నదాన్ని కాదు. ఆవిడకి ఉంది. గుడ్డు తగిలిన గరిటె కూడా ముట్టరు.

పెయ్‌నిర్, మన పనీర్ ఒకే మాట, రెండూ పారసీ నుంచి వచ్చినవే. మనం పాలు కాచి నిమ్మరసం పిండి విరగ్గొడతాం. వీళ్ళు గోరువెచ్చటి పాలలో 'మాయా' వేస్తారు. పెరుగు తోడుకీ, రొట్టె పిండి పులియడానికి వేసేదానికీ కూడా ఇక్కడ అదే మాట. అందుకే మొదట్లో నేనూ పెరుగు తోడు లాంటిదే అనుకున్నాను. కానీ పాతపద్ధతి చీజ్‌లో వేసేది 'షిర్దెన్', అంటే పాలు తాగే దూడదో గొర్రెపిల్లదో కడుపులోంచి తీసింది. కొన్ని పాకెట్ల మీద 'మిక్రోబియల్' అని రాసి ఉంటుంది, అవి ఫరవాలేదు. విడిగా కోసి అమ్మేవాటికి అడిగి తెలుసుకోవడమొక్కటే దారి.

"చెప్పకపోతే అమ్మకేం తెలుస్తుంది? సుబ్బరంగా తింటుంది" అన్నారు మావారు. నిజమే, ఇష్టంగా తినేవారే. కానీ అరవై ఏళ్ళుగా కాపాడుకొచ్చిన నియమం నా వంటింట్లో, నా చేత్తో తప్పిస్తానా? ఆయన కొడుకు కాబట్టి ఆవిడ క్షమిస్తారేమో. నేను కోడల్ని.

ఆవిడ వచ్చిన మూడో రోజున ఇద్దరం కొట్టుకెళ్ళాం. ఎదురుగా తులుమ్. మేకతోలు సంచిలో కూరి పెట్టిన చీజ్, తోలుకి వెంట్రుకలు కూడా ఉన్నాయి. అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వెనక్కి జరిగారు. ఆ అబ్బాయి అలవాటుగా కత్తి మొన మీద ముక్క కోసి "తెయ్‌జె" అంటూ చాచాడు. మన పిన్నిగారూ అన్నట్టు. నాకొచ్చిన వచ్చీరాని టర్కిష్‌లో "ఈవిడ మాంసం తినరు, మాయా దేనిది?" అని అడిగాను. వాడు తన పొట్ట మీద వేలుపెట్టి "షిర్దెన్" అన్నాడు. మరుక్షణం కత్తి వెనక్కి తీసుకున్నాడు. "ఇది వద్దు తెయ్‌జె" అని ఆ కత్తి పక్కన పెట్టి, కడిగిన వేరే చెంచా తీసి, చోకెలెక్ డబ్బా మూత తీశాడు.

చోకెలెక్ అంటే వెన్న తీసిన మజ్జిగని కాచి, విరిగాక గుడ్డలో వడకట్టిన పొడిపొడి ముద్ద. మాయా అక్కర్లేదు. పక్కనే లోర్ కూడా అలాగే తెల్లగా ఉంది గానీ అది చీజ్ తీయగా మిగిలిన నీళ్ళతో చేసేది, అంటే మాయా తగిలినవే. అది కూడా వాడే వేలు అడ్డంగా ఊపి చెప్పాడు. అత్తయ్యగారు చోకెలెక్ అరచేతిలో వేయించుకుని నోట్లో వేసుకున్నారు. "పుల్లగా బాగుందే. పోపు పెడితే అన్నంలోకి కూడా వస్తుంది" అన్నారు.

ఆ రెండు నెలలూ పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకుతో దానికి పోపు పెట్టింది ఆవిడే. కరివేపాకు పెట్టెలో తెచ్చుకున్నారు లెండి. మీగడంటే ఆవిడకి ప్రాణం, ఆ కొట్లోనే దొరికే కాయ్‌మాక్ తేనెతో కలిపి రొట్టె మీద రాసుకునేవారు. శుక్రవారాలు నేను రాకపోయినా వేరే పని ఉందని చెప్పి మనవడితో కొట్టుకి వెళ్ళొచ్చేవారు. వాడికి కషర్ ముక్క, ఆవిడకి చోకెలెక్ చెంచా.

ఊరెళ్ళాక కూడా ఫోన్ చేసినప్పుడల్లా "ఆ అబ్బాయికి పెళ్ళి కుదిరిందా?" అని అడుగుతారు. వాడికి ఇద్దరు పిల్లలని ఎన్నిసార్లు చెప్పినా వినరు.