ఒట్టికుండ చల్లనగునా?

మా అనంతపురపు టెండకు ఒక మాయ కలదు. సముద్రతీరపు జిల్లాలలో చెమట ధారలుగా కారి, నీరు త్రాగుమని దేహమే హెచ్చరించును. మా సీమలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. వేసవిలో గాలి మిక్కిలి పొడిగా నుండుటచే చెమట పుట్టినతోడనే ఆవిరియగును. రవిక తడియదు, చెమటయే పట్టలేదని మనము భ్రమపడుదుము. ఈ భ్రమ యెంత చేటు తెచ్చునో మాకు మా యింటనే తెలిసివచ్చినది.

అది 2015వ సంవత్సరము, మే నెల. ఆ వేసవిలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో రెండువేలమందికి పైగా వడదెబ్బకు మరణించిరి. పత్రికలలో ఆ వార్తలు చదివి, పొలములలో పనిచేయువారిని, బాటసారులను తలచుకొని మేము జాలిపడితిమే కాని, వడదెబ్బ గడప దాటి వంటయింటిలోనికి వచ్చునని యెన్నడును తలపలేదు.

ఒకనాడు బంధువులు వచ్చియుండిరి. మా పెద్ద తోడికోడలు ఉదయమునుండి పొయ్యికడనే యుండెను. కొళాయినీరు రాక నాలుగు దినములైనందున బిందెలలోని నీటిని కొలిచి వాడుచుంటిమి. వచ్చినవారి కందఱకు మజ్జిగ యిచ్చినది ఆమెయే. మధ్యాహ్నము తల నొచ్చుచున్నదనెను. "కొంచెముసేపు పండుకొనుమక్కా" అంటిమి. "సంకటి కెలికి వచ్చెదను" అని లోపలికి పోయెను. కొంతసేపటికి ఆమె మాటలు పొంతన తప్పినవి. చేయి పట్టి చూడగా నిప్పువలె కాలుచుండెను. అంతలో సొమ్మసిల్లి పడిపోయెను.

మేము తొందరపడి నోట నీరు పోయబోతిమి. నర్సుగా పనిచేసి విరమించిన పొరుగింటి పెద్దమ్మ పరుగున వచ్చి మా చేయి పట్టుకొనెను. "తెలివిలేనివారి నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. ఆ నీరు ఒంటిమీద పోయుడు" అనెను. నాలుగు దినములుగా పొదుపు చేసిన బిందె నీళ్లన్నియు ఆమెపై క్రుమ్మరించితిమి. మెడమీదను, చంకలలోను తడిగుడ్డలుంచి ఇద్దఱము విసరితిమి. ఈలోపల పిల్లలు 108కి ఫోను చేసిరి. దైవకృపచే ప్రాణము దక్కినది.

ఆసుపత్రిలో వైద్యులు, "ఈమె ఉదయమునుండి ఎన్ని నీళ్లు త్రాగినది?" అని యడిగిరి. మేము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. ఇంటిల్లిపాదికిని ఆమె నీరిచ్చెను; ఆమె త్రాగినదో లేదో అడిగినవారు మాత్రము లేరు.

మంటికుండలో నీరేల చల్లబడును? సన్నని రంధ్రములగుండ ఊరిన తేమ ఆవిరియగుచు వేడిమిని తీసికొనిపోవును. మన దేహమును అట్టిదే. కుండ నిండుగా నున్నంతవఱకే ఈ పొడిగాలి మనకు మేలు చేయును, ఒట్టికుండ చల్లబడదు. గాలి దేహముకంటె వేడెక్కినపుడు పంఖా యొక్కటియే చాలదు. ఒడలు తడిపి విసరవలయును.

నాటినుండి మా యింట కొన్ని నియమములు పెట్టుకొంటిమి. వంట తొమ్మిదిగంటలలోపల ముగింతుము. మధ్యాహ్నమునకు అంబలి, మజ్జిగయన్నము చాలును. పగలు కిటికీలు మూసి, చల్లబడిన పిదప తెఱతుము. మిద్దెపై సున్నము పూయింతుము. దప్పిక పుట్టకమునుపే నీరు త్రాగుదుము; వృద్ధులకు దప్పిక సరిగా తెలియదు గనుక వారిని అడిగి త్రాగింతుము. నీరసించినవారికి లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా ఇత్తుము. ఇవి చిన్నచెంచాలే సుమా! రక్తపుపోటు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడిగి త్రాగవలయును. మాట తడబడినను, ఒడలు కాలి స్పృహ తప్పినను ఆలసింపక ఒంటిమీద నీరు పోయుచు ఆసుపత్రికి పంపవలయును.

వీనియన్నిటికంటె ముఖ్యమైన నియమ మింకొకటి కలదు. మా యింట చల్లకుండలోని మొదటి గ్లాసు నేడు పొయ్యికడ నున్నవారిదే. అక్కయ్య మొదట సిగ్గుపడెడిది. ఇపుడు త్రాగి, గ్లాసు మాకు చూపి, ఆపిమ్మటనే పొయ్యి వెలిగించును.