అడిగితేనే పలికే ఊరు

మా బందరులో ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది. వలందులనగా హాలెండు దేశస్థులు, పరాసులనగా ఫ్రెంచివారు. బందరు అన్న మాటే పారశీకం, రేవు అని దాని అర్థం. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తకస్థావరం ఏర్పరచుకున్నారు. వలందులు అంతకు కొన్నేళ్ళ ముందే వచ్చారు. వారి సమాధుల మీది చెక్కడాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఇంత చరిత్రా ఆటోవారి కేకల్లో ప్రతిదినం వినబడుతూనే ఉన్నది గాని, ఆ పేరెందుకు వచ్చిందని అడిగే పిల్లవాడు అరుదు.

పదవీవిరమణ చేసిన తరువాత ఒక పాఠశాలవారు ఖాళీ తరగతి గది ఒకటి చూపించి, "మాస్టారూ, మన పేటల చరిత్ర పిల్లలకు తెలిసేలా ఇందులో ఏదైనా ఏర్పాటు చేయండి" అని కోరారు. నేను పండిత శిక్షణ పొంది గుడివాడలోను, దివిసీమలోను, బందరులోను తెలుగు చెప్పినవాడను. ప్రదర్శనలు కట్టడం నా విద్య కాదు. ఎలక్ట్రానిక్స్ చదివిన మా మేనల్లుడు తోడుగా వచ్చాడు.

"తాకితే మాట్లాడే తెర పెడదాం మామయ్యా" అన్నాడు. ఇనుప గేట్లనే తినివేసే ఉప్పుగాలి మాది, తెర ఎన్నాళ్ళుంటుంది అన్నాను. నా అసలు అభ్యంతరం వేరు. తెర చెబుతుంది, పిల్లవాడు వింటాడు, అంతటితో సరి. తాను అడిగి తెచ్చుకున్న సమాధానమే విద్యార్థికి జీవితాంతం ఉంటుందని ముప్పై ఏళ్ళకు పైబడిన బోధన నాకు నేర్పింది.

అందుచేత నేల మీద ఊరి పటం గీయించాము. తన పేట మీద పిల్లవాడు నిలబడితే, చాప కింది మీట నొక్కుకొని ఆ పేటలోని పెద్దవారొకరి గొంతు వినబడుతుంది. ఆ గొంతు కొంత చెప్పి ఒక ప్రశ్నతో ఆగిపోతుంది. "మీ వీధిలో పాత బావి ఎక్కడ ఉండేదో మీ నాయనమ్మను అడిగి రా" అంటుంది. మరునాడు వాడు జవాబు తెచ్చి ఆ పేట పుస్తకంలో వ్రాయాలి. తరువాత వచ్చినవారు దాన్ని చదువుతారు. ఈ ప్రదర్శన ఏనాటికీ పూర్తి కాదు, కాకూడదనే నా ఉద్దేశం.

గోడకు ఒక బట్ట కట్టాము. పెడన మాకు పొరుగూరే. అక్కడి కలంకారీ పనివారు టేకు చెక్క మీద పేటల పేర్లు అచ్చులుగా చెక్కి ఇచ్చారు. అచ్చు మీద అక్షరం తిరగబడి ఉండాలి గనుక, వాటిని సరిచూడడం ఈ పండితునికే పరీక్ష అయింది. కరక్కాయ నీటిలో నానబెట్టి ఆరవేసిన బట్ట మీద పిల్లలు పటిక నీటితో తమ పేట పేరు అద్దుతారు. అప్పటికి దాదాపు ఏమీ కనబడదు. ఎర్రరంగు కాగులో ఉడికించాక పటిక తగిలిన చోటల్లా రంగు పట్టి, పేర్లు ఒక్కొక్కటే తేలుతాయి. అది చూసిన పిల్లల కేరింతలు వినవలసిందే.

చిక్కంతా ఉప్పెన దగ్గర వచ్చింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో బందరు ప్రాంతాన సుమారు 30,000 మంది పోయారని చరిత్ర. 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. అప్పటికి నేను కళాశాల విద్యార్థిని. గదిని చీకటి చేసి, అలల హోరు వినిపించి, గాలి కొట్టిద్దామని మేనల్లుని ఆలోచన. గుజరాత్‌లోని భుజ్‌లో 2022లో తెరచిన స్మృతివనంలో భూకంపాన్ని అనుభవానికి తెచ్చే గది ఉన్నది. భూకంపం ఎరుగనివారికి అది మేలే చేస్తుంది. కాని మా గదికి ఉప్పెన దాటి బ్రతికినవారు కూడా వస్తారు కదా!

దివి నుండి వచ్చి బందరులో స్థిరపడిన ఒక వృద్ధురాలిని అడిగాను. "చప్పుడు పెట్టొద్దు మాస్టారూ. అది నా చెవుల్లోనే ఉంది. మా చంటోడి పేరే, నేను తప్ప తలుచుకునేవాళ్ళు లేరు" అన్నదామె.

మృతుల సంఖ్య పదివేలకు తక్కువ కాదంటారు. లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు. ఏ లెక్కలోనూ ఆ చంటివాని పేరు లేదు. హోరు మానివేశాము. తెల్లకాగితాల పుస్తకం ఒకటి పెట్టాము. పోయినవారి పేరు ఎవరైనా అందులో వ్రాయవచ్చు. మొదటి పేరు ఆమె చెప్పగా నేను వ్రాశాను. ఆ పేరు ఇక్కడ చెప్పను, దాని చోటు ఆ పుస్తకమే.

అల ఎత్తు చూపడానికి సరుగుడు గుంజ తెచ్చాము. దివి తీరాన అది సుమారు 5 మీటర్లు. గది కప్పు చాలలేదు! గుంజను ఆవరణలో పాతించాము. పిల్లలు మెడలు ఎత్తి చూస్తారు. జపానులో అనెయోషి అనే పల్లెవారు 1933 సునామీ తరువాత, ఇంతకు దిగువన ఇళ్ళు కట్టవద్దని రాయి పాతుకున్నారు. 2011 సునామీ ఆ రాతికి దిగువనే ఆగింది. మన దివిసీమలో ఎక్కడానికి కొండ లేదు. 1977 తరువాత తీరం వెంట కట్టిన తుఫాను రక్షణ భవనాలే దిక్కు. కాబట్టి గుంజ దగ్గర ఒకటే ప్రశ్న వ్రాయించాను. "మీ ఇంటి నుండి ఆ భవనానికి ఎన్ని అడుగులు? నడిచి లెక్కపెట్టావా?"

మిత్రులారా, 1977లో ఇరవై ఏళ్ళున్నవారు నేడు డెబ్బైకి చేరువలో ఉన్నారు. మీ ఊళ్ళోనూ ఇటువంటివారు ఉంటారు. గది లేకపోయినా, మీట లేకపోయినా ఫరవాలేదు. ఒక పుస్తకమూ ఒక ప్రశ్నా చాలు. ఈ వారమే వెళ్ళి అడగండి.