మోయాబ్ ఎర్రకొండల్లో వణికిన బండి

డెన్వర్ నుంచి మోయాబ్‌కి దాదాపు 350 మైళ్లు. రాకీ పర్వతాలు దాటి యూటాలోకి రాగానే పచ్చదనం మాయం. ఎటు చూసినా ఎర్రరాయే! ఊరు చిన్నదే కానీ రోడ్డు నిండా జీపులు, పికప్‌లు. కొన్నింటికైతే నిచ్చెన వేసుకుని ఎక్కాలేమో.

మా బావ పికప్పూ అంతే. ట్రిప్‌కి రెండు వారాల ముందే సస్పెన్షన్‌కి లిఫ్ట్ కిట్ వేయించి 3 అంగుళాలు లేపాడు. లుక్ మాత్రం కేక! కానీ సిగ్నల్ దగ్గర ఆగి కదిలినప్పుడల్లా సీటు కింద గడగడ. "టైర్లు బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుందిలేరా" అంటాడు. టైర్లదైతే హైవే మీద పెరగాలి బావా, ఇది స్పీడందుకోగానే ఆగిపోతోంది కదా!

మేం వెళ్లాల్సింది షాఫర్ ట్రయిల్. కానియన్‌ల్యాండ్స్ పార్కులో కొండ అంచు నుంచి 1,500 అడుగుల కిందికి మెలికలు తిరుగుతూ దిగే మట్టిరోడ్డు. కింద తగిలే వైట్ రిమ్ రోడ్డు 100 మైళ్లు. దారిలో మంచినీళ్లుండవు, పెట్రోలుండదు. అక్కడ షాఫ్ట్ పోతే బండిని లాక్కొచ్చే బిల్లే వెయ్యి డాలర్లు దాటుతుంది.

ఊళ్లో ఓ గ్యారేజీ పెద్దాయన బండి కిందికి దూరి, షాఫ్ట్‌కి కోణం కొలిచే గేజ్ ఆనించాడు. అసలు సంగతి అప్పుడు అర్థమైంది. ఈ బండిలో షాఫ్ట్ రెండు ముక్కలు. మధ్యలో ఫ్రేమ్‌కి వేలాడే బేరింగ్. లిఫ్ట్ వేస్తే ఫ్రేమ్ పైకెళ్లింది, వెనక యాక్సిల్ చక్రాలతో కిందే ఉండిపోయింది. వెనక ముక్క ఏటవాలు పెరిగిపోయింది. కీలు దగ్గరుండే యూజే క్రాస్ (మన లారీ మెకానిక్‌లకి బాగా తెలుసు) వంగి తిరిగితే, ప్రతి చుట్టులో షాఫ్ట్ వేగం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు చివరలా కోణాలు సమానంగా ఉంటే ఒకదాని తేడాని ఇంకోటి కొట్టేస్తుంది. లేదంటే ఈ వణుకే. అలాగే తిప్పితే క్రాస్ అరిగిపోతుంది.

మధ్య బేరింగ్ బ్రాకెట్‌కీ ఫ్రేమ్‌కీ నడుమ స్పేసర్లు పెట్టి, పొడవు బోల్టులు బిగించాడు. వెనక పట్టీల దగ్గర ఏటవాలు షిమ్‌లు వేశాడు. అంతే, గడగడ పోయింది! పోతూ పోతూ ముందు చక్రాల సీవీ బూట్లు చూపించాడు. కోణం పెరిగి సాగి ఉన్నాయి. చిరిగితే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి.

మర్నాడు లో రేంజ్‌లో షాఫర్ దిగాం. వైట్ రిమ్ జోలికి పోకుండా, పొటాష్ రోడ్డు పట్టుకుని కొలరాడో నది పక్కనుంచే ఊళ్లోకొచ్చేశాం. ఆగిన ప్రతిచోటా నేను ఫొటోలు తీస్తుంటే, బావ మాత్రం టార్చి పట్టుకుని బండి కిందే ఉన్నాడు.