షట్టర్ ముందు, కాపురం వెనక

ఆదోని మున్సిపాలిటీ 1865 నాటిది. అప్పటికి ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది, రైలు ఇంకా రాలేదు. ఆరేళ్ల తర్వాత మద్రాసు వైపు నుంచి ఒక లైను, బొంబాయి వైపు నుంచి ఒక లైను వచ్చి రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలో పడ్డ ఆదోనికి పత్తి, వేరుశనగ, నూనె, బట్ట అన్నీ బేరం వెతుక్కుంటూ వచ్చాయి. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి అటు ఉండిపోయింది, ఆదోని ఇటు వచ్చి కర్నూలు జిల్లాలో చేరింది. జిల్లా మారినా వ్యాపారం మారలేదు. కన్నడం, ఉర్దూ, తెలుగు కలగలిపి బేరమాడే ఈ ఊరిని జనం ఇప్పటికీ ‘రెండో ముంబై’ అనే అంటారు, కాస్త గర్వంగా, కాస్త ఎగతాళిగా.

నేను వెళ్లింది ఆ గర్వం చూద్దామని కాదు. 2011 లెక్కల్లో 1.66 లక్షల జనాభా ఉన్న ఊరు ఇది. ఎవరెక్కడ అమ్ముకోవాలి, ఎవరెక్కడ ఇల్లు కట్టుకోవాలి అన్న తగాదాలు మున్సిపాలిటీ దాకా ఎట్లా వస్తాయో, వచ్చాక ఏమవుతాయో చూద్దామని వెళ్లాను. సోమవారం అర్జీల రోజు కాబట్టి అదే ఎంచుకున్నాను. పత్తి సీజను. భీమాస్ సర్కిల్ దాటేసరికే బోరేల మీద బోరేలు ఎత్తుకట్టిన ట్రాక్టర్లు మార్కెట్ యార్డు దారి పట్టి, ఆటోలను పక్కకు నెట్టేస్తున్నాయి.

ఆఫీసు వరండాలో ఒక బట్టల వ్యాపారి పక్కన చోటు దొరికింది. చేతిలో రెండు అర్జీలు. మొదటిది అంగడి గురించి: తోపుడు బండ్లు తన షట్టర్‌కి అడ్డంగా నిలబడుతున్నాయి, కొనేవాళ్లు లోపలికి రాలేకపోతున్నారు. రెండోది ఇంటి గురించి: ఆయన ఉండే కాలనీలో పక్కింటాయన కింది అంతస్తును గోడౌన్ చేశాడు, రాత్రి పన్నెండుకి లారీలు వచ్చి దించుతుంటే నిద్ర లేదు. ‘అది రెసిడెన్షియల్ ఏరియా సార్, అక్కడ వ్యాపారమేంది?’ అన్నాడు. వరండా అవతలి చివర నుంచి ఒకాయన నవ్వి, ‘మీ అంగడి మెట్లు కాల్వ మీద ఉండాయని నేనిచ్చిన అర్జీ కూడా లోపలే ఉంది సేట్, దాని సంగతేమైందో అడిగి చెప్పు’ అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరికొకరు బాగా తెలిసినవాళ్లే.

ఆ ఒక్క వరండా చాలు అనిపించింది. పట్టణాభివృద్ధి మీద రాసేవాళ్లు వ్యాపారులు ఒక వైపు, నివాసులు ఒక వైపు అని జట్లు కట్టి చూపిస్తారు. ఆదోనిలో ఆ జట్లు నాకు కనబడలేదు. ఒకే మనిషి పొద్దున వ్యాపారిగా అర్జీ పెట్టి, సాయంత్రం కాపురస్తుడిగా ఇంకో అర్జీ పెడతాడు. రెండు అర్జీల్లోనూ ఆయనదే న్యాయం.

లోపల టౌన్ ప్లానింగ్ సెక్షన్. పాత మ్యాపులు చుట్టలు చుట్టి బీరువా మీద పడేసి ఉన్నాయి. పనంతా ఇప్పుడు కంప్యూటర్ మీదే. ఇంటి ప్లాను కావాలంటే లైసెన్సు ఉన్న ఇంజనీరు దగ్గర గీయించుకుని ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఎంత ఖాళీ వదలాలి, ఎన్ని అంతస్తులు వేయొచ్చు అన్నది రాష్ట్రం చేసిన 2017 భవన నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. రాజ్యాంగానికి 74వ సవరణ చేసినప్పుడు పన్నెండో షెడ్యూలులో పురపాలికలకు అప్పజెప్పదగ్గ 18 పనులు రాశారు. పట్టణ ప్రణాళిక, భూ వినియోగం, భవనాల నియంత్రణ ఆ జాబితాలో మొదటి వరసలోనే ఉంటాయి. కానీ అప్పజెప్పాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. అందుకే కౌన్సిల్ చేతికి వచ్చేసరికి ఆ పనుల్లో కాల్వలు, రోడ్లు, కొళాయిలు, చెత్త మాత్రం నిండుగా మిగిలాయి.

ఒక వార్డు కౌన్సిలరుతో మాట్లాడితే ఈ సంగతే తన మాటల్లో చెప్పింది. ‘ప్లాన్ పర్మిషన్ మా చేతిలో లేదు. పన్ను రేటు మా చేతిలో లేదు. కాల్వ తీయకపోతే మాత్రం పొద్దున్నే మా ఇంటి కాడికే వస్తారన్నా.’ నేను వెళ్లిన వారం కౌన్సిల్ మీటింగు లేదు, హాలుకు తాళం వేసి ఉంది. పాత అజెండా కాపీ ఒకటి ఆమె ఇచ్చింది. చదివితే చాలావరకు సీసీ రోడ్లు, మోటారు రిపేర్లు, పారిశుధ్య కార్మికుల జీతాలు. మధ్యలో మున్సిపల్ షాపు గదుల లీజు సంగతి. ఇక్కడ మున్సిపాలిటీ తీర్పరి మాత్రమే కాదు, అద్దెలు వసూలు చేసుకునే యజమాని కూడా. మూడేళ్లకోసారి అద్దె మూడో వంతు పెంచాలని నిబంధన. పెంచితే అంగళ్లవాళ్లు కౌన్సిలర్ల మీద పడతారు, పెంచకపోతే ఆడిట్ వాళ్లు కమిషనర్ మీద పడతారు.

పన్ను దగ్గర ఈ ఇల్లు–అంగడి చిక్కు ఇంకా ముదురుతుంది. 2021–22 నుంచి రాష్ట్రమంతటా ఆస్తి పన్నును అద్దె విలువ మీద కాక, ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. కాపురం ఉండే కట్టడానికి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, వ్యాపారానికి వాడే కట్టడానికి 0.20 నుంచి 2 శాతం దాకా. ఏటా పెరుగుదల 15 శాతం దాటకూడదని అడ్డుకట్ట వేశారు. యజమాని తానే ఉండే 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలు. ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లలో 300, 365 అడుగులవి ఈ లెక్క లోపల పడతాయి, 430 అడుగులది పడదు. కాగితం మీద బాగుంది. ఇప్పుడు కౌడల్‌పేట, హవన్నపేట లాంటి పాత పేటల్లోకి టేపు పట్టుకుని పొండి. వీధి వైపు గదికి షట్టర్, అందులో చిల్లర కొట్టో, కుట్టు మిషనో, స్టీలు సామాన్లో. వెనక గదిలో కాపురం. మధ్యలో ఒక తెర. పగలు షట్టర్ గదిలో బేరం, రాత్రి అదే గదిలో ఇద్దరు పిల్లల పరుపు. ఇది ఇల్లా, అంగడా?

వార్డు సచివాలయం కుర్రాడు, ప్లానింగ్ సెక్రటరీ, నాకు విసుగు లేకుండా వివరించాడు. షట్టర్ ఉన్న గదిని కొలిచి వాణిజ్యం కింద, మిగతాది నివాసం కింద రాస్తారు. ‘తెర కాడ ఆపుతాం సార్ టేపు’ అన్నాడు. ఇంటి యజమాని మాత్రం ఆ తెరను టేపు వచ్చే ముందు వీధి వైపు జరుపుతాడట. ఆయన తప్పని నేననలేను. రెండు రేట్లకు మధ్య ఉన్న దూరం చూస్తే ఎవరైనా ఓ అడుగు జరుపుతారు.

తోపుడు బండ్ల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే చట్టం దగ్గర స్పష్టత ఉంది, వీధి దగ్గర లేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు ఊరు చోటు చూపాలి. ఆదోనికి ఆ లెక్క కడితే నాలుగు వేల పైచిలుకు. అంత చోటు పాత బజార్లలో ఎక్కడుంది? షరాఫ్ బజారు వైపు సాయంత్రం నడిచి చూడండి, రెండు స్కూటర్లు ఎదురైతే మూడోది ఆగాల్సిందే.

మిల్లుల కథ వేరు. ఆదోని కాటన్ మిల్స్, రాయలసీమ మిల్స్ ఒకప్పుడు ఈ ఊరికి సైరన్‌తో పొద్దు చెప్పిన మిల్లులు. నష్టాల్లో పడ్డాక ఆదోని కాటన్ మిల్స్ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లింది, తర్వాత మిల్లులు మూతపడ్డాయి. మిగిలినవి జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు. ఇవి పుట్టినప్పుడు ఊరి బయట పుట్టాయి. ఊరు వాటి దాకా నడిచి వచ్చింది. ఒక జిన్నింగ్ మిల్లు గోడకు ఆనుకున్న వీధిలో ఓ ఇల్లాలు నాకు కిటికీ చువ్వల మీద దూది నుసి వేలితో తుడిచి చూపించింది. ఆరేసిన బట్టలు సాయంత్రానికి మళ్లీ దులపాలి. చిన్నవాడికి దగ్గు. మిల్లు గుమస్తా మాట: ‘మా సేటు నాయన కాలంలో మిల్లు పెట్టినాం. ఇండ్లు మొన్నొచ్చినాయి. చూసే కదా కొన్నారు?’ ఆమె దగ్గర దానికి జవాబుంది: ‘ప్లాటు అమ్మినోడు ఆదివారం తెచ్చి చూపించె సామీ. మిల్లు బంద్ ఉండె.’

పొగ, నుసి కాలుష్య నియంత్రణ మండలి చూడాలి. యంత్రాల భద్రత ఫ్యాక్టరీల శాఖది. మున్సిపాలిటీ దగ్గరున్నది డి అండ్ ఓ లైసెన్సు, అంటే ప్రమాదకర, అభ్యంతరకర వ్యాపారాలకు ఇచ్చేది. అర్జీ మాత్రం మున్సిపాలిటీకే వస్తుంది, ఎందుకంటే జనానికి దారి తెలిసిన ఆఫీసు అదొక్కటే. దీన్ని నేను లోపంగా చూడను. కర్నూలు దాకా బస్సెక్కి పోలేని మనిషికి ఊళ్లో ఒక తలుపన్నా ఉండాలి.

అసలు చూడాల్సింది ఊరి అంచున ఉంది. ఆలూరు రోడ్డు, సిరుగుప్ప రోడ్డు, ఎమ్మిగనూరు రోడ్డు, ఎటు పోయినా తెల్ల సున్నం పూసిన రాళ్లు నల్లరేగడిలో వరసగా నాటి ఉంటాయి. పత్తి చేను నిరుడు, వెంచర్ ఈ ఏడు. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే అందులో పదో వంతు నేల పార్కుకో, ఆటస్థలానికో వదిలి మున్సిపాలిటీ పేర రాసివ్వాలి, రోడ్లు రాసివ్వాలి, కాల్వలు కట్టాలి. అనుమతి లేనిదానికి ఇవేవీ అక్కర్లేదు కాబట్టి సెంటు చవక. చవక కాబట్టి హమాలీ, ఆటో డ్రైవరు, మిల్లులో పనిచేసే ఆడమనిషి అక్కడే కొంటారు. రిజిస్ట్రేషన్ అవుతుంది, కరెంటు మీటరు వస్తుంది, ఇంటి పన్ను రసీదు కూడా వస్తుంది. ఇక రోడ్డు, కాల్వ, కొళాయి అడిగే హక్కు రాదా? వాళ్లు అడుగుతారు. ఆ రోడ్డు తన పేర లేదు కాబట్టి దాని మీద డబ్బు పెట్టడానికి మున్సిపాలిటీ జంకుతుంది. పైగా తాగునీరు వచ్చేది తుంగభద్ర దిగువ కాలువ నుంచి. కాలువ కట్టేసిన నెలల్లో బసలదొడ్డి దగ్గరి నిల్వ చెరువే దిక్కు. ఊరు ఎటు సాగితే పైపు అటు సాగాలి, నీళ్లు మాత్రం అవే.

ప్రభుత్వాలు దీనికి కనిపెట్టిన మందు ఎల్ఆర్ఎస్, లేఅవుట్ల క్రమబద్ధీకరణ. 2020లో ఒకసారి వచ్చింది, 2025లో మళ్లీ వచ్చింది. ఈసారి ఆ ఏడాది జూన్ 30లోపు రిజిస్టరైన ప్లాట్లకు. జరిమానా కట్టాలి. వదలని పార్కు నేలకు బదులు ప్లాటు విలువలో కొంత శాతం కట్టాలి. ఆ డబ్బు ఖజానాకు వస్తుంది. పార్కు రాదు, ఎందుకంటే ఆ నేల మీద ఈపాటికి ఎవరో వంటిల్లు కట్టుకున్నారు. నాకిక్కడ కోపం వచ్చిన మాట నిజం. తప్పు చేసినవాడు నేలను సెంట్లుగా కోసి అమ్మేసి వెళ్లిపోయాడు. జరిమానా కట్టేది కొన్న హమాలీ. పథకం మళ్లీ మళ్లీ వస్తుంటే, ఇంకోటి కూడా వస్తుందని వెంచర్ వేసేవాడికి ముందే తెలుస్తుంది. ఆదోనిని జిల్లా చేయాలన్న ఆందోళన ఊపందుకున్నాక ఈ రాళ్లు నాటడం ఇంకా జోరందుకుందని దారిలో దొరికిన ఏజెంటే చెప్పాడు. జిల్లా ఆఫీసులు ఏ రోడ్డున వస్తాయో అతనికి అప్పుడే తెలుసన్నట్టు మాట్లాడాడు.

మధ్యాహ్నం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. చిన్న ఊరు, వేరే మున్సిపాలిటీ, చిక్కు మాత్రం ఇదే, ఇంకో రూపంలో. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేతకారుల ఉత్పత్తి, విక్రయ సహకార సంఘం పెట్టారు. తర్వాత పద్మశ్రీ అందుకున్నారు. ఇక్కడి నేతగాళ్ల ఇంట్లో మగ్గం ఇంటికి అంగంలాంటిది. ముందు గదిలో గుంత మగ్గం, గోడకు ఆసు, వెనక పొయ్యి. అది పని చోటా, ఇల్లా అని ఎవరూ అడగరు. పన్ను రాసేవాడు కూడా ఇల్లనే రాస్తాడు.

ఒక వీధిలో తండ్రి గుంత పూడ్చి కొడుకు మరమగ్గం పెట్టాడు. మోటారు తిరుగుతుంది, గోడలు అదురుతాయి, పక్కింటాయన అర్జీ పెట్టాడు. కొడుకు నాతో వాదించాడు: ‘మా నాయన చేత్తో నేస్తే ఇల్లు, నేను మోటారు పెడితే కార్ఖానా. అదెట్ల సార్? గది అదే, నూలు అదే.’ గదీ నూలూ అవే, చప్పుడే వేరన్నాను. ఒప్పుకోలేదు.

పక్కింటికి వెళ్లి అర్జీ నకలు చూశాను. మగ్గం తీసేయాలని రాసుంటాడనుకున్నాను. అలా లేదు. రాత్రి తొమ్మిదికి మోటారు ఆపించండి, మధ్యగోడ పక్కనుంచి రెండడుగులు జరిపించండి, అంతే. లైసెన్సు మాట లేదు, మూయించమన్న మాట లేదు. ఎందుకని అడిగితే, వసారాలో రాట్నం ముందు కూర్చున్న వాళ్లావిడను చూపించాడు. ఆమె చుట్టే కండెలు ఆ మరమగ్గానికే వెళ్తాయి.